ఆపదలో ఉన్నవాడే దుబాసీ కావాలా?

టి. నగర్‌లో తెలుగువాళ్లకు భాష ఇబ్బందా అని అడిగితే అందరూ నవ్వుతారు. పేటకు పెట్టిందే పిట్టి త్యాగరాయ చెట్టి పేరు. నడిబొడ్డున ఉన్న పార్కు పేరు పానగల్ రాజాది. ఎన్టీ రామారావు కాపురమున్నది ఇక్కడి బజుల్లా రోడ్డులో. వెంకటనారాయణ రోడ్డుకు వెళితే తిరుపతి దేవస్థానం వాళ్ల గుడి. రంగనాథన్ వీధిలో నాలుగడుగులు వేసేసరికి ‘రండమ్మా, పట్టు చీరలు పైన’ అని తెలుగులోనే పిలుస్తారు. అంతకూ కుదరకపోతే ఫోన్ ఉండనే ఉంది, తెలుగులో మాట్లాడితే తమిళంలో చెబుతుంది. ఇక వినపడనివాళ్ల సంగతి, మాట రానివాళ్ల సంగతి ఎత్తితే, ‘వాళ్లకీ ఏవో యాప్‌లు వచ్చాయి కదండీ’ అని మాట ముగిస్తారు.

ఎవరో ఒకరు తెలుగు తెలిసినవాళ్లు ఉంటారు, లేకపోతే ఫోన్ ఉంది. ఈ రెండు ముక్కల మీద చదువుకున్నవాళ్లు, అధికారులు, దుకాణదారులు, మన సంఘాల పెద్దలు అందరూ నిశ్చింతగా నిద్రపోతున్నారు. ఈ నిశ్చింత తప్పు. సాయం చేయాల్సినవాళ్ల బాధ్యతను తీసుకెళ్లి సాయం కావాల్సినవాళ్ల సంచిలో వేసి, ఆ పనికి ‘సాంకేతిక ప్రగతి’ అని పేరు పెట్టుకున్నాం.

ముందు ఆ ‘ఎవరో ఒకరి’ సంగతి చూద్దాం. ఉస్మాన్ రోడ్డు జౌళి దుకాణంలో సేల్స్ కుర్రాడు ఏ తిరునెల్వేలి నుంచో, విరుదునగర్ నుంచో వచ్చినవాడు. అతని తెలుగు ముచ్చటేస్తుంది. చిలకపచ్చ వేరు, ఆకుపచ్చ వేరు అని అతనికి తెలుసు. పెద్దంచు, కొంగు, జరీ, ‘ఉతికితే రంగు పోదమ్మా’, ‘ఫిక్స్‌డ్ రేటమ్మా’, అన్నీ వచ్చు. బేరానికి ఎంత కావాలో ఆ తెలుగు అంతే పెరిగింది. సూళ్లూరుపేట లోకల్లో పొద్దున్నే బయల్దేరి, పిల్ల పెళ్లికి బట్టలు తీద్దామని వచ్చిన పెద్దామె మూడో అంతస్తులో కూలబడి, ‘గుండెల్లో పట్టేసినట్టుంది నాయనా, ఎడం చెయ్యి లాగేస్తోంది’ అన్నదనుకోండి. కుర్రాడు మనసున్నవాడే. స్టూలు వేస్తాడు, సోడా తెప్పిస్తాడు, ఫ్యాను ఇటు తిప్పుతాడు. కానీ ఆమెకు షుగర్ ఉందా, పొద్దున ఏ మాత్ర వేసుకుంది, నొప్పి ఎప్పటినుంచి అని అడగలేడు. ఆమె చెప్పినా అతనికి అర్థం కాదు.

ఆ ‘ఎప్పటినుంచి’ అనేది చిన్న ప్రశ్న కాదు. పక్షవాతం వచ్చినవాళ్లకు గడ్డ కరిగించే ఇంజెక్షన్ మామూలుగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. గడియారం ఎప్పుడు మొదలైందో చెప్పే మనిషి లేకపోతే, మందు చేతిలో ఉన్నా వైద్యుడు వెనకాడతాడు. రక్తం పలచబడే మాత్ర వాడుతున్నారా అన్నది తెలియకపోతే ఇంకా వెనకాడతాడు. పట్టు చీరకు చాలిన తెలుగు ఇక్కడ చాలదు.

పక్షవాతం మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. భాష రానివాళ్లు వేరు, వైకల్యం ఉన్నవాళ్లు వేరు, మనం ఈ రెంటిలోనూ లేం అని చాలామంది అనుకుంటారు. టి. నగర్‌లో యాభై ఏళ్లుగా ఉంటున్న తెలుగు పెద్దాయన తమిళం తమిళుల కంటే బాగా మాట్లాడుతుండవచ్చు. ఒకనాటి ఉదయం మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోతే ఆయన వైకల్యం ఉన్నవాడే, భాష రానివాడే. రెండు భాషలు తెలిసినవారికి ఇలా మాట పడిపోయినప్పుడు రెండూ ఒకే తీరున తిరిగి రావాలని లేదు. ఒకరికి ఇంటి భాష మిగులుతుంది, ఒకరికి బజారు భాష మిగులుతుంది. ఏది మిగిలిందో అంబులెన్సులో ఉన్నవాళ్లకు తెలియదు. ఆధార్ కార్డులోనూ ఉండదు. ఎక్కడో ఎవరికో అవసరమైన ఏర్పాటు గురించి నేను మాట్లాడటం లేదు.

ఇప్పుడు ఫోన్. మన దేశంలో ఆపద అనగానే ఒక నంబరు చెబుతారు. ఆ నంబర్లలో ఒకటి తెలుగువాళ్లు పుట్టించిందే. 108 అంబులెన్సు సేవ మొదలైంది హైదరాబాద్‌లో, 2005 ఆగస్టు 15న. మూడేళ్లకు, 2008 సెప్టెంబరులో, తమిళనాడుకు వచ్చింది. దాని కంట్రోల్ రూమ్ టి. నగర్‌ను ఆనుకునే ఉంది, తేనాంపేటలో ప్రభుత్వ వైద్య శాఖ వారి డి.ఎం.ఎస్. ప్రాంగణంలో. లక్షల ప్రాణాలు నిలబెట్టిన ఏర్పాటు అది, దాన్ని తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ దాని మూలంలోనే ఒక ఊహ ఉంది: ఫోన్ చేసేవాడికి నోరుంది, చెవి ఉంది, అవతలివాళ్ల భాష ఉంది. తెలుగు తెలిసిన ఉద్యోగి ఆ పూట డ్యూటీలో ఉంటే అదృష్టం. పుట్టుకతో వినపడని అమ్మాయికి ఆ అదృష్టమూ పనికిరాదు.

దీనికి తయారుగా ఒక జవాబుంది. దేశమంతటికీ ఒకే అత్యవసర నంబరైన 112కు ఎస్ఎంఎస్ పంపవచ్చు, యాప్ ఉంది, అత్యవసర మీట ఉంది. నిజమే. 2017 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లోనూ అత్యవసర మీట ఉండాలని కేంద్రం నిబంధన పెట్టింది. పవర్ మీట మూడుసార్లు టకటకా నొక్కాలి, మామూలు ఫోనైతే 5 గానీ 9 గానీ నొక్కి పట్టాలి. ఈ సంగతి మీ వీధిలో ఎందరికి తెలుసో అడిగి చూడండి. తెలిసి నొక్కారే అనుకుందాం. తర్వాత ఏమవుతుంది? కంట్రోల్ రూమ్ నుంచి తిరిగి ఫోన్ వస్తుంది. ‘చెప్పండి, ఏమైంది?’ అంటుంది ఆ గొంతు. వినపడని మనిషి మోగుతున్న ఫోన్‌ను చూస్తూ నిలబడాలి. తొమ్మిదంతస్తుల దుకాణంలో ఆమె ఏ అంతస్తులో ఉందో ఉపగ్రహం చెప్పలేదు, నోటితో చెప్పాల్సిందే. చివరికి మీట కూడా నోరున్నవాళ్లకే పూర్తిగా పనిచేస్తుంది.

‘రాసి చూపించొచ్చు కదా’ అంటారు. చెవిటితనం గురించి చదువుకున్నవాళ్లలో కూడా పాతుకుపోయిన అజ్ఞానం ఇది. వినపడని పిల్లలు చాలామంది బడికి ఆలస్యంగా, ఏ భాషా లేకుండా వస్తారు. బడిలోనూ సంజ్ఞాభాష వద్దని, పెదవులు చూసి నేర్చుకోమని ఏళ్లు గడుపుతారు. వాళ్ల సొంత భాష సంజ్ఞలది. తమిళమో తెలుగో రాయడం వాళ్లకు పరాయి భాషలో రాయడమే. భారతీయ సంజ్ఞాభాషకు ఢిల్లీలో కేంద్ర సంస్థ వచ్చింది 2015లో, పది వేల పదాల నిఘంటువు సిద్ధమైంది 2021లో. అంబులెన్సు సిబ్బందికి అందులో కనీసం ముప్పై సంజ్ఞలు నేర్పడం రాకెట్ ప్రయోగమా?

అనువాద యాప్ భక్తులకు ఒక మాట. 2022లో కేంద్రం భాషిణి తెచ్చింది. ప్రైవేటు కంపెనీల యాప్‌లు అంతకు ముందే ఉన్నాయి. హోటల్లో ఇడ్లీ ధర అడగడానికి, ఆటోతో బేరానికి అవి బంగారం. కానీ దీపావళి ముందు ఆదివారం రంగనాథన్ వీధిలో నిలబడి, మైకులు, ఈలలు, ‘వాంగ వాంగ’ కేకల మధ్య ఫోన్‌తో తెలుగులో మాట్లాడి చూడండి. మీ గొంతు మీకే వినిపించదు. ఆ పైన ఊపిరి ఆడని మనిషి మాట ముక్కలు ముక్కలుగా వస్తుంది. మస్తిష్క పక్షవాతం (సెరిబ్రల్ పాల్సీ) ఉన్నవాళ్ల ఉచ్చారణ యంత్రానికి పట్టదు. నెల్లూరు యాసకూ శ్రీకాకుళం యాసకూ మధ్య అది తడబడుతుంది. చేయి విరిగినవాడు ఫోన్ తాళం తీయలేడు. బ్యాటరీ అయిపోయినవాడికి ఏ భాషా లేదు. ఎవరో ఒకరు ‘ఒక్క నిమిషం, నెట్ రావడం లేదు’ అంటూ ఫోన్ పైకెత్తి తిప్పుతుంటారు.

నెట్ అంటే గుర్తొచ్చింది. టి. నగర్ ఒకప్పుడు చెరువు. 1920లలో మాంబళం పెద్ద చెరువును పూడ్చి కట్టిన పేట ఇది. వాన గట్టిగా కురిస్తే ఆ చెరువు తన చోటు వెతుక్కుంటూ వస్తుంది, దురైసామి సబ్‌వే దగ్గర నిలబడి చూస్తే చాలు. 2015 డిసెంబరులో నగరమంతా మునిగినప్పుడు చాలాచోట్ల మొదట కరెంటు పోయింది, ఆ వెంటనే ఫోన్ సిగ్నళ్లు పోయాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకూ అదే జరిగింది. ఏ గంటలో ఫోన్ అత్యవసరమో సరిగ్గా ఆ గంటకే అది చేతిలో పలకలా మిగులుతుంది. మాట రాని పిల్లలు టాబ్లెట్‌లో బొమ్మలు నొక్కి మాట్లాడే ‘ఆవాజ్’ పుట్టింది ఈ చెన్నైలోనే, విద్యాసాగర్ సంస్థ పిల్లలతో కలిసి. తయారుచేసిన అజిత్ నారాయణన్‌కు ప్రపంచ గుర్తింపు వచ్చింది. గర్వించదగ్గ పని. ఆ టాబ్లెట్ నీళ్లలో పడితే, పడవ ఎక్కించేవాళ్లు ‘సామాన్లు వద్దు, మనుషులే’ అని దాన్ని లాగి పక్కన పెడితే, ఆ పిల్లవాడి నోరు మళ్లీ మూసుకుపోతుంది. అది సామాను కాదు, వాడి గొంతు అని పడవవాళ్లకు ముందే తెలిసి ఉండాలి. అవే బొమ్మలున్న ఒక కాగితం ప్లాస్టిక్ కవరులో వాడి మెడలో ఉండాలి. మొదటి దానికి శిక్షణ కావాలి, రెండో దానికి పది రూపాయలు కావాలి.

నిప్పు గురించి మాట్లాడకుండా టి. నగర్ గురించి మాట్లాడటం మోసం. 2008 సెప్టెంబరులో రంగనాథన్ వీధిలో పెద్ద దుకాణం కాలినప్పుడు ఇద్దరు ఉద్యోగులు పోయారు. 2017 మే 31న ఉస్మాన్ రోడ్డులో చెన్నై సిల్క్స్ భవనం అంటుకుని రోజంతా కాలి, గోడలు కూలాయి. రెండూ తెల్లవారుజామున, దుకాణం తెరవని వేళ జరిగాయి. మన భద్రత అంతా ఆ వేళ మీద ఆధారపడింది. సాయంత్రం ఏడింటికి జరిగి ఉంటే? గంట మోగుతుంది, వినపడనివాళ్లకు వినపడదు. మైకులో తమిళంలో చెబుతారు, గూడూరు నుంచి వచ్చినవాళ్లు ‘ఏదో ఆఫరు కాబోలు’ అనుకుంటారు. దారి చూపే బోర్డు తమిళంలో, ఇంగ్లిష్‌లో ఉంటుంది. అపాయ సూచన శబ్దంతో పాటు వెలుగు రూపంలోనూ ఉండాలని కేంద్రం 2021లో ఇచ్చిన సార్వత్రిక సౌలభ్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. మెట్ల దగ్గర మిణుకుమనే ఒక ఎర్ర దీపం, పరుగెత్తే మనిషి బొమ్మ, బాణం గుర్తు. ఇందులో ఏ భాషా లేదు, ఏ యాప్ లేదు. చదువు రాని తమిళుడికి కూడా ఇది పనికొస్తుంది.

ఈ నగరం చరిత్ర తెలిసినవాళ్లకు ఇక్కడ ఒక వింత కనబడాలి. మద్రాసు పుట్టిందే దుబాసీల, అంటే రెండు భాషల మధ్య మాట చేరవేసేవాళ్ల, భుజాల మీద. 1639లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ డే తీరంలో జాగా కోసం మాట్లాడుకున్నప్పుడు అతని పక్కన ఉన్నది బేరి తిమ్మప్ప అనే తెలుగు దుబాసీ. ఆ తర్వాత కంపెనీ దొరల దగ్గర దుబాసీ లేకుండా ఒక్క బేల్ గుడ్డ కదలలేదు. ఆ ఏర్పాటులో గమనించాల్సింది ఒకటుంది. దుబాసీని పెట్టుకున్నది బలవంతుడు, జీతమిచ్చిందీ బలవంతుడే. ఎందుకంటే అవసరం అతనిది, లాభం అతనిది. ఇప్పుడు లెక్క తిరగబడింది. ప్రభుత్వానికి, ఆస్పత్రికి, కోట్ల వ్యాపారం చేసే దుకాణానికి దుబాసీ అక్కర్లేదట. నేలమీద పడి ఉన్న మనిషి తన దుబాసీని తానే జేబులో ఛార్జింగ్ పెట్టుకుని తెచ్చుకోవాలట.

దానికీ దిక్కు లేనప్పుడు ఇంట్లో పిల్లల్ని ముందుకు నెడతారు. ఇంగ్లిష్ మీడియం చదివే తొమ్మిదేళ్ల మనవరాలు నాయనమ్మ రక్తస్రావం గురించి డాక్టరుకు చెప్పాలి. వినపడని భార్య తరఫున భర్త మాట్లాడాలి, ఆమె దెబ్బలకు కారణం ఆ భర్తే అయినా సరే. ఇంటి మనిషి దుబాసీ అయితే చాలని సర్దుకునేవాళ్లు ఆ రెండో సంగతి కాస్త ఆలోచించాలి.

బయటి దేశాలు ఈ పనిని ఎవరి నెత్తిన పెట్టాయో చూడండి. ఆస్ట్రేలియా ప్రభుత్వం 1973లోనే టెలిఫోన్‌లో అనువాదకులను కూర్చోబెట్టింది. అమెరికాలో శాన్ హోసేలో 1982లో వియత్నాం శరణార్థుల గోడు అర్థం కాక ఇబ్బంది పడ్డ ఒక పోలీసు అధికారే టెలిఫోన్ అనువాద సేవ మొదలుపెట్టాడు, శరణార్థులు కాదు. బ్రిటన్‌లో 2022 జూన్ నుంచి 999కు వీడియోలో బ్రిటిష్ సంజ్ఞాభాషలో మాట్లాడవచ్చు, మధ్యలో దుబాసీ ఉంటారు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం ఆపత్కాల శిబిరాలకు బొమ్మల పుస్తకం తయారుచేసింది, వేలు పెట్టి చూపిస్తే చాలు. జపాన్‌లో 1995 కోబె భూకంపం తర్వాత, విదేశీయులకు అర్థమయ్యేలా చిన్న చిన్న మాటల జపనీస్‌లో హెచ్చరికలు రాయడం మొదలుపెట్టారు. ఇన్ని భాషల్లోకి అనువాదం ఎలా అని చేతులెత్తేసే మన అధికారులకు ఈ చివరిది పనికొస్తుంది: తమిళమే ఉంచండి, గ్రాంథిక తమిళం మానండి.

‘మనకు అంత డబ్బెక్కడిది’ అనేవాళ్లకు టి. నగర్‌నే చూపిస్తాను. దీపావళి రద్దీలో జేబుదొంగల ముఖాలు పట్టే కెమెరాలు, సాఫ్ట్‌వేర్ ఇక్కడ ఏనాడో వాడారు. మాంబళం స్టేషన్ నుంచి బస్టాండు దాకా అర కిలోమీటరుకు పైగా ఆకాశ నడకదారి 2023లో తెరిచారు. దొంగ ముఖాన్ని చదవగలిగిన నగరానికి, తప్పిపోయి పేరు అడిగినా చెప్పని ఆటిజం పిల్లవాడి ముందు పెట్టడానికి ఒక బొమ్మల అట్ట లేదంటే అది డబ్బు లోటు కాదు.

ఇంకో వాదన కాస్త గౌరవనీయమైనది: ఎంతమంది ఉంటారండీ వీళ్లు? 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు 42 లక్షల పైచిలుకు. వైకల్యం ఉన్నవాళ్లు సుమారు 11.8 లక్షలు. పొద్దున వచ్చి సాయంత్రం పోయే నెల్లూరు, తిరుపతి జనం ఈ లెక్కలో లేరు. కట్టడం పనికి వచ్చే వలస కూలీలూ లేరు. 2014 జూన్ 28న ఇదే నగర శివారు మౌలివాక్కంలో పదకొండంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వాళ్లు. శిథిలాల కింద నుంచి వాళ్లు పిలిచింది తమిళంలో కాదు.

చట్టం లేదా అంటే, ఉంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ తన పరిధిలోని వికలాంగుల వివరాలు దగ్గర పెట్టుకోవాలి, ముప్పు వచ్చినప్పుడు వాళ్లకు తగిన రీతిలో తెలియజేయాలి. 2019లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ మార్గదర్శకాలూ ఇచ్చింది. భాష విషయంలో రాజ్యాంగం 350వ అధికరణం దేశంలో వాడే ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చంటుంది. గుండెనొప్పి మాత్రం అర్జీ రాసుకునేంత తీరిక ఇవ్వదు.

ఇది తమిళుల మీద ఫిర్యాదని ఎవరైనా మురిసిపోతే, వాళ్లను తిరుపతి తీసుకెళతాను. 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనం టోకెన్ల దగ్గర జరిగిన తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు, వాళ్లలో తమిళనాడు నుంచి వచ్చిన భక్తులూ ఉన్నారు. అంత జనంలో తెలుగు మైకు ఏమంటోందో సేలం నుంచి వచ్చిన మనిషికి ఎవరు చెబుతారు? టి. నగర్‌లో మనం అడిగేది తిరుపతిలో మనం ఇవ్వాలి. ఇంకా ముందే ఇవ్వాలి, ఎందుకంటే అక్కడికి వచ్చేవాళ్లను మనమే రమ్మంటున్నాం.

అడగాల్సింది పెద్దదేమీ కాదు. ప్రతి 108 వాహనంలో ఒక బొమ్మల అట్ట: నొప్పి ఎక్కడ, ఎప్పటినుంచి, ఏ మందు, ఏది పడదు. తేనాంపేట కంట్రోల్ రూమ్‌లో ఏ పూటైనా తెలుగు, హిందీ, సంజ్ఞాభాష తెలిసినవాళ్లను వీడియోలో కలపగలిగే ఏర్పాటు. మీట నొక్కితే తిరిగి ఫోన్ కాకుండా తిరిగి బొమ్మలతో సందేశం. నాలుగు అంతస్తులు దాటిన ప్రతి దుకాణంలో మెట్ల దగ్గర దీపం. యాభై రంగుల పేర్లు తెలుగులో నేర్చుకున్న కుర్రాడికి ఇంకో ఇరవై వాక్యాలు నేర్పడం యజమానికి ఒక మధ్యాహ్నం పని: ‘కదలకండమ్మా’, ‘నొప్పి ఎప్పుడు మొదలైంది?’, ‘షుగర్ ఉందా?’, ‘అంబులెన్సు వస్తోంది’. ఇక ఆ బొమ్మలు వేయడానికి కాగితం కూడా వెతకనక్కర్లేదు. టి. నగర్ నుంచి ఖాళీ చేతులతో బయటపడినవాళ్లు లేరు, ప్రతివాళ్ల చేతిలోనూ ఒక దుకాణం సంచి ఉంటుంది. దాని ఒక పక్క యజమాని ఫొటో ఉంటే ఉండనీయండి, రెండో పక్క ఖాళీగానే ఉంది. దుకాణాలకు అగ్నిమాపక అనుమతి ఇచ్చే అధికారులు వచ్చే దీపావళికి ముందు తనిఖీకి వచ్చినప్పుడు, సిలిండర్ల తేదీలతో పాటు ఆ దీపం వెలుగుతోందో లేదో, ఆ ఇరవై వాక్యాలు కుర్రాడికి వచ్చో రావో అడగవచ్చు. అందుకు కొత్త జీవో ఏదీ అక్కర్లేదు.